కోణము ఆల్ఫా అనుకొనుము (సటీక తాత్పర్యం)

మూలం: కోణము ఆల్ఫా అనుకొనుము.

ప్రతిపదార్థం: కోణము = రెండు గీతలు కలిసిన మూల; ఆల్ఫా = ఎద్దు; అనుకొనుము = ఎదురడగక ఒప్పుకొనుము.

టీక: హాలహర్వి మొదలు ఆదోని, ఎమ్మిగనూరు దాకా బడి నల్లబల్లల మీద ఏటా కనిపించే ఈ వాక్యంలో కఠినపదం ఒక్కటే. ఆల్ఫా గ్రీకు మాట అని పూర్వపక్షం. అది నిలవదు. గ్రీకులో దానికి అక్షరం పేరన్న అర్థమే తప్ప వేరొకటి లేదు. గ్రీకులు సుమారు క్రీ.పూ. 8వ శతాబ్దిలో ఫినీషియన్ల దగ్గర లిపిని ఎరువు తెచ్చుకొన్నారు. పేర్లూ వెంట వచ్చాయి. ఫినీషియన్ల ‘ఆలెఫ్’ అంటే ఎద్దు. మాట చివర ‘ఫ్’ వంటి పొల్లు గ్రీకు నోటికి పడక, తెలుగువారు ‘బస్’కు ఉకారం తగిలించినట్టు, వారు అకారం తగిలించారు. ఆలెఫ్ గొంతులో ఆగే ఒక హల్లు. ఆ ధ్వని గ్రీకులో లేదు గనుక గుర్తును ‘అ’కు వాడుకొన్నారు; హల్లు అచ్చయింది.

ఆకారమూ సాక్ష్యమే. సినాయ్ ఎడారి ప్రాచీన శాసనాల్లో ఇది కొమ్ములున్న ఎద్దుతల. ఫినీషియన్లు దాన్ని పక్కకు వాల్చారు, గ్రీకులు ఇంకాస్త తిప్పి కొమ్ముల మీద నిలబెట్టారు. దీని తర్వాతిది బీటా, అనగా ఇల్లు. ఎద్దు తర్వాతే ఇంటిని పెట్టినవాడు రైతై ఉంటాడని వ్యాఖ్యాత ఊహ, ప్రమాణం లేదు.

తాత్పర్యం: కొలత తెలియని మూలకు ఎద్దు పేరు పెట్టి, తెలిసేదాకా ఆ పేరుతోనే లెక్క నడపవలెనని భావం. సరిహద్దు కన్నడంలో ఎద్దును ‘ఎత్తు’ అన్నా దోషం లేదు.

విశేషం: తెలుగు అక్షరాలకు ఇలాంటి పేర్లు అరుదు. ఱ మాత్రం బండి ర, పండితులకు శకటరేఫం. ఎద్దు వారిది, బండి మనది.

అయినా ఎద్దు పోలిక మన రాతలోనూ ఉంది. ఆదోని ఉన్న జిల్లాలోనే పత్తికొండ, గుత్తి ఊళ్ల నడుమ ఎర్రగుడి ఉంది. అక్కడి అశోకుని చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. మడక కట్టిన ఎడ్లు సాలు చివర మళ్లినట్టుండే ఈ రాతకు గ్రీకు పేరు బూస్ట్రోఫెడాన్. ఇందులోని ‘బూస్’ అచ్చమైన గ్రీకు ఎద్దు. తొలినాటి గ్రీకులూ ఇలా రాసేవారు. ఎర్రగుడి కొండ మీదే ఉన్న అశోకుని 13వ శాసనం అంతియోకుడనే యోన (గ్రీకు) రాజును పేర్కొంటుంది. గ్రీకు అక్షరాల ఊసు అందులో లేదు.