ఎనేబుల్ చేయండి సార్, ఏం కాదు!

ఫిబ్రవరి వచ్చిందంటే అనంతపురం జిల్లా స్కూళ్లలో పాఠాలు కాస్త పక్కకు జరిగి ఇన్‌కం ట్యాక్స్ లెక్కలు ముందుకొస్తాయి. సాటి టీచరెవరో తయారుచేసిన ఎక్సెల్ ప్రోగ్రాం వాట్సాప్ గ్రూపులో పడుతుంది. బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ కొడితే చాలు, ఫారం 16 ప్రింటుకు సిద్ధం. ఉచితంగా ఇంత మేలు చేసే పుణ్యాత్ములను నేనేమీ అనను. నా గొడవంతా మొదటి షీటులోని మంత్రంతోనే: "మాక్రోస్ ఎనేబుల్ చేసుకోండి." మాక్రోలంటే ఫైలులోనే దాగి నడిచే చిన్న ప్రోగ్రాములు.

దొంగ ఫైళ్లు చెప్పేదీ ఇదే మాట. ఎమోటెట్ అనే దొంగ ప్రోగ్రాం అయితే ఆఫీస్ లోగో కూడా వేసి, 'ఎనేబుల్ కంటెంట్' నొక్కమని ఎంతో మర్యాదగా అడిగేది. 1999 మార్చిలో మెలిస్సా వైరస్ వర్డ్ ఫైలుగా వచ్చి, తెరిచినవాళ్ల అడ్రస్ బుక్కులోని మొదటి 50 మందికి తనను తానే పంపుకుంది. వెయ్యి అడుగులు దించినా బోరు పడని జిల్లా మాది. వైరస్ మాత్రం ఒక్క క్లిక్కుకే పడుతుంది.

2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చే ఫైళ్లలో మాక్రోలకు తలుపు మూసింది. గగ్గోలు పుట్టి జులైలో వెనక్కి తగ్గింది, అదే నెలలో మళ్లీ మూసింది. మనవాళ్లు ఊరుకుంటారా? రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అన్‌బ్లాక్. అంత శ్రమ కూడా ఎందుకు? పెన్‌డ్రైవ్‌లో వేసి తెస్తే సరి. 'ఇది ఇంటర్నెట్ సరుకు' అని విండోస్ కొట్టిన ముద్ర ఎఫ్ఏటీ32 ఫార్మాట్ డ్రైవ్‌లో నిలవదు. ఆపైన 'ఎనేబుల్ కంటెంట్' నొక్కడం కూడా విసుగైతే సెట్టింగుల్లో 'ఎనేబుల్ ఆల్ మాక్రోస్' పెట్టేస్తే శాశ్వత విశ్రాంతి. అందరి జీతాల బిల్లులు పెట్టే ప్రభుత్వ పోర్టల్‌లోకి లాగినయ్యేదీ ఆ కంప్యూటర్ నుంచే!

"మాక్రోలు మూసేస్తే పని ఆగిపోదా సార్?" అన్నది కింది నుంచి వచ్చే బ్రహ్మాస్త్రం. పైనుంచి వచ్చేది సర్క్యులర్: "తెలియని ఫైళ్లు తెరవరాదు." పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరో పంపిన ఫైళ్లు తెరవడమే ఉద్యోగమైన క్లర్కుకు ఈ ఉపదేశం!

పని ఆగకుండానే దారి ఉంది. ఎక్సెల్ పని లెక్క కట్టడం. విండోస్‌లోని పవర్‌షెల్ అనే ఆదేశాల ప్రోగ్రాంను లేపి, ఊరూపేరూ లేని సైటు నుంచి ఏదో దింపించడం కాదు. ఆఫీస్ ప్రోగ్రాములు వేరే ప్రోగ్రాములను లేపకుండా ఆపే నియమం విండోస్ డిఫెండర్‌లోనే ఉంది. ముందు ఒక నెల ఆడిట్ మోడ్‌లో పెడితే ఎవరి పనికీ అడ్డురాదు, రేపు ఆపితే ఎవరి పని చెడుతుందో మాత్రం రాసిపెడుతుంది. పరీక్షించి నమ్మిన మాక్రోలకు డిజిటల్ సంతకం పెట్టించి మిగతావి మూసేయొచ్చు. అసలు పన్ను లెక్కకు మామూలు ఫార్ములాలు చాలవా అన్నది ఇంకో ప్రశ్న, అడిగితే కోపాలొస్తాయి.

బిల్లులు పెట్టే అధికారి (డీడీఓ) సంతకం లేని బిల్లును ట్రెజరీ గడప దాటనివ్వరు. ప్రోగ్రాంకు సంతకం ఏదని అడిగితే మాత్రం చాదస్తమట.