లోచోకు దక్కిన గౌరవం నా చిప్సుకూ ఇప్పించండి

సూరత్ మున్సిపల్ కమిషనర్ గారి సముఖమునకు,

విషయం: చెడిపోయిన కూరగాయల చిప్సుకు నగర వంటకం హోదా కోరుతూ విన్నపం.

అయ్యా,

నేను లింబాయత్‌లో ఉండే సిరిసిల్ల వాణ్ని. ముప్పై ఏళ్లలో మీ ఊరి సాంచాల (మరమగ్గాల) చప్పుడుకు చెవులు పోగొట్టుకున్నాను, మీ ఊరి ఫర్సాణ్ చిరుతిళ్లతో కొలెస్ట్రాల్ సంపాదించుకున్నాను. నూనె తగ్గించమని డాక్టరు చెప్పాడు. 2025 ఫిబ్రవరి 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి గారూ నూనె పది శాతం తగ్గించమన్నారు. నేను ఉత్సాహం పట్టలేక నూటికి నూరు శాతం తగ్గించాను. కథంతా అక్కడే చెడింది.

మా సంక్రాంతి, మీ ఉత్తరాయణ్ రోజు ఊరంతా మిద్దెలెక్కి పతంగులు ఎగరేస్తూ ఉంధియు అనే కూరగాయల వంటకం తింటోంది. నేను మాత్రం కిలో బీట్‌రూట్, అరకిలో క్యారట్, మీరు కంద్ అనే పెండలం ఒకటి పల్చగా తరిగి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, అల్లుడు కొనిచ్చిన ఎయిర్ ఫ్రయర్‌లో వాయిలు వాయిలుగా వేశాను. మధ్యాహ్నమంతా గడిచింది. కొన్ని అంచులు మాడి నడుమ మెత్తగా వేలాడాయి. కొన్ని చెప్పు తోలులా సాగాయి. మా ఆవిడ పళ్లెం చూసి, "ఏందయ్యా, తెగిన పతంగులు ఇంట్ల వడ్డయా?" అంది.

తప్పు ఎక్కడుందో తర్వాత తెలుసుకున్నాను. బీట్‌రూట్‌లో నూటికి 87 పాళ్లు నీళ్లే. కిలో ముక్కలు పూర్తిగా ఎండితే మిగిలేది 130 గ్రాములు. 180 డిగ్రీల దాకా కాగిన నూనె ముక్కను నలువైపులా పట్టుకుని నీళ్లను బుసబుసమని తరిమేస్తుంది. గాలికి అంత పట్టు లేదు. నీళ్లు మెల్లగా కదిలేలోపు ముక్కలోని చక్కెర మాడి కూర్చుంటుంది. మా అమ్మకు ఈ లెక్కలు తెలియవు గానీ, కాకరకాయ వరుగులు పెట్టాలంటే మే నెల దాకా ఆగేది. నీళ్ల సంగతి ఎండకు వదిలేసేది. ఆ వరుగులు కూడా చివరికి నూనెలోనే వేగేవన్న మాట నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఇంతలో పక్కింటి బెన్ (అక్క) గిన్నెడు ఉంధియు తెచ్చి, మర్యాదకు ఒక చిప్సు నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలి, "లోచో థయీ గయో" అంది. పని గందరగోళమైందని అర్థం.

అయ్యా, ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. మీ ఊళ్లో శనగపిండితో ఖమణ్ చేయబోయిన వాడెవడో పిండిలో నీళ్లు ఎక్కువ పోశాడని, అది గడ్డకట్టక ముద్దయిందని, వాడు దాని మీదే నూనె పోసి, సేవ్ చల్లి, అమ్మేశాడని చెబుతారు. దానికి లోచో అని ఆ గందరగోళం పేరే పెట్టి, పొద్దున్నే క్యూ కట్టి తింటున్నారు. చెడిన శనగపిండికి అంత మర్యాద దక్కిన ఊళ్లో చెడిన బీట్‌రూట్ చేసిన పాపమేమిటి? కాబట్టి నా ప్రార్థనలు:

1. నా చిప్సును లోచో కులంలో కలపాలి.

2. పది శాతం తగ్గించమంటే తొంభై శాతం ఉంచుకోవచ్చని నాలాంటి అమాయకులకు దండోరా వేయించాలి.

బెన్ మాత్రం మీ ఉత్తర్వుల కోసం ఆగలేదు. ఆ చిప్సును నలిపి, ఉల్లిపాయ తరిగి, సేవ్ చల్లి, నిమ్మకాయ పిండి, పైన ఒక్క చెంచా సింగ్‌తేల్ (వేరుశనగ నూనె) వేసింది. సాంచా మీద పోగు తెగితే బట్ట పారేయం, ముడేసి నేస్తాం. ఆ పూట నా వంటకు ముడి ఆ చెంచాడు నూనె.

ఇట్లు,
తమ విధేయుడు,
లింబాయత్ నేతగాడు

జతపరచినవి: నమూనా పంపుదామనుకున్నాను. మిగల్లేదు.