రాముడు లోపల, పొలం ఓబీ

భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే బస్సు రాష్ట్రం దాటి, మళ్ళీ రాష్ట్రంలోకి వస్తుంది. దారిలోని కొన్ని ఊళ్ళు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి మరి. ప్రయాణికులెవరూ కంగారుపడరు, గోల్ఫ్ తెలిసినవాడు ఎక్కితే అసలే పడడు. గాల్లో ఉండగా బంతి ఎన్ని హద్దులు దాటినా లెక్కలోకి రాదు, ఎక్కడ ఆగిందన్నదే లెక్క. బస్సు ఆగేది చర్లలో కనుక లోపల ఉన్నట్టే.

ఈ అడవి అంచున పుట్టినవాళ్ళకు హద్దు గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. పర్ణశాల పక్కనే ఉండగా లక్ష్మణరేఖ కథ వినకుండా ఎవరు పెరుగుతారు? గోల్ఫ్‌లో ఆ గీతకు బదులు తెల్ల గుంజలు పాతుతారు. బంతి పూర్తిగా వాటి అవతల పడితే ఓబీ (అవుట్ ఆఫ్ బౌండ్స్): ఒక స్ట్రోక్ జరిమానా, పైగా కొట్టిన చోటి నుంచే మళ్ళీ కొట్టాలి. మొదటి దెబ్బ గోవిందా అయితే తర్వాతది మూడోదన్నమాట. సొంత మైదానమన్న కనికరం ఉండదు. పదహారేళ్ళ వయసులో 61 కొట్టి రికార్డు పెట్టిన పోర్ట్‌రష్ కోర్సులోనే గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ 2019 ఓపెన్ టోర్నీలో మొట్టమొదటి బంతిని ఓబీకి పంపాడు. నాలుగు దెబ్బల హోల్‌కు ఎనిమిది పట్టాయి. రెండు రోజులయ్యాక ఒక్క స్ట్రోక్ తేడాతో ఇంటిదారి.

తప్పిపోయిన బంతికీ అదే శిక్ష. వెతకడానికి మూడు నిమిషాలే. 2019కి ముందు ఐదుండేవి. టేకాకులు రాలిన వేసవి అడవిలో మూడు నిమిషాలంటే కాల్లో ముల్లు తీసుకునే వ్యవధి. నాలుగో నిమిషంలో కళ్ళముందు మెరిసినా ఆ బంతి పోయినట్టే. అందుకే తెలిసినవాడు వెతకబోయే ముందే ‘ప్రొవిజనల్’ అని పక్కవాళ్ళకు వినబడేలా చెప్పి రెండో బంతి కొట్టి ఉంచుకుంటాడు. చెప్పడం మరిచాడో, ఆ రెండోదే అసలు బంతి అయిపోతుంది.

చిక్కల్లా రెండోది పచ్చికలో దర్జాగా పడి, మొదటిది ముళ్ళపొదలో ఇరుక్కున్నప్పుడే. గడువులోపు దొరికితే మొదటిదే ఆడాలి. అలాంటప్పుడు ఆటగాడు వెతకడానికి బద్ధకిస్తాడు. ప్రత్యర్థి మాత్రం పొదలో తల దూర్చి, ఎంతో ఆప్యాయంగా వెతికిపెడతాడు.

హద్దు గుంజ అడ్డమొచ్చినా ఆటగాడు పీకకూడదు. భద్రాచలంలో మాత్రం గుంజలే నడుస్తుంటాయి. 1959 దాకా తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల ఊళ్ళు ఆంధ్రాకు వెళ్ళి, పట్టణం తెలంగాణలో మిగిలింది. గుడి ఇవతల, పురుషోత్తపట్నంలో రాములవారికున్న 800 పైచిలుకు ఎకరాలు అవతల.

ఈ ఒక్క విషయంలో గోల్ఫ్ దయగలది. బంతిలో ఏ కొంచెం లోపలున్నా మొత్తం లోపలున్నట్టే. అవతల నిలబడి ఇవతలి బంతిని కొట్టినా తప్పులేదు. ఆ లెక్కన గుడి లోపలుంది గనక పొలమూ లోపలిదే. కోర్టులో ఈ వాదన వినిపించదలచిన వకీలు, జడ్జిగారు గోల్ఫ్ ఆడతారో లేదో ముందే కనుక్కుంటే మంచిది.