ముసలమ్మ నడక

"వేషాలు నాకొద్దు, మనుషులు కావాలి" అని హైదరాబాదు నుంచి వచ్చిన దర్శకుడు మొదటిరోజే తేల్చేశాడు.

మామిడితోట కూలీల బతుకు మీద తిరువూరు కుర్రాళ్ళతో నృత్యనాటకం చేయించాలని వచ్చాడాయన. మాటలు తక్కువ, ఒళ్ళే మాట్లాడాలి. ఉన్న నాలుగు పాటలూ రాసే పని నాది. పారిస్‌లో జాక్ లెకాక్ 1956లో పెట్టిన బడి గురించీ, జర్మనీలో పినా బౌష్ నర్తకులను ప్రశ్నలడిగి వాళ్ళ జవాబుల్లోంచే నృత్యాలు అల్లిన తీరు గురించీ టీ చల్లారిపోయేదాకా చెప్పేవాడు. బాగానే చెప్పేవాడు, కాదనను. నేనే ఉండబట్టలేక, ఆడవేషాలతోనే ఊళ్ళేలిన స్థానం నరసింహారావుగారికి 1956లోనే పద్మశ్రీ వచ్చిందనీ, మా పాత కృష్ణా జిల్లా కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా నడిచొస్తే ఆడవాళ్ళు కూడా కళ్ళప్పగించి చూసేవారనీ అన్నాను.

"అది శైలి మాస్టారూ, జీవితం కాదు" అన్నాడు.

కుర్రాళ్ళకు పని అప్పగించాడు. బస్టాండులోనో మామిడికాయల మండీలోనో ఒక మనిషిని పట్టుకోవాలి. బరువు ఏ కాలి మీద పడుతోంది, ఊపిరి ఎక్కడ ఆగుతోంది, అడుగు పడేముందు ఒంట్లో ఏది ముందుకొస్తోంది, గడ్డమా, ఛాతీయా, మోకాలా? అదంతా ఒంటికి పట్టించుకుని వస్తే, దాన్ని సాగదీసి, ముక్కలు చేసి, మళ్ళీ మళ్ళీ చేయించి నృత్యంగా మలుస్తాడు.

ఆటో నడిపే కుర్రాడొకడు బస్టాండు నుంచి ఒక ముసలమ్మను తెచ్చాడు. అంటే, ఒంట్లో పెట్టుకుని తెచ్చాడు. నడుం వంగిపోయింది. చిల్లర కొంగున ముడేసి, ఆ ముడి పంటితో లాగి బిగిస్తుంది. భద్రాచలం బస్సు కదిలేదాకా కుంటుతూ కిటికీ కిటికీకీ చెయ్యి చాస్తుంది. చూస్తున్న మాకు ఒళ్ళు జలదరించింది. వాడలా వెంటపడి చూస్తుంటే బస్టాండు టీకొట్టాయన ముసిముసిగా నవ్వేవాడట. ఎందుకో వాడికీ తెలియలేదు.

మర్నాడు వాడొచ్చి, "సార్, నిన్న కుడికాలు కుంటింది. ఇవాళ ఎడమకాలు" అన్నాడు.

దర్శకుడు కుర్చీలోంచి లేచిపోయాడు. "అదీ! నొప్పి ఒకచోట ఉండదు. మోసీ మోసీ ఒళ్ళు భారాన్ని పక్కకు మార్చుకుంటుంది. ఏ నటుడికి తడుతుందిరా ఇది? జీవితానికే తడుతుంది!" ఆ కాలు మార్పే నాటకానికి ముగింపయింది. పన్నెండుమంది ఒక్కసారిగా కుడికుంటు వదిలి ఎడమకుంటు అందుకోవాలి. నా చేత దానికో చరణం కూడా రాయించాడు.

ఆఖరి రిహార్సల్ జరుగుతుండగా కల్యాణమండపం గుమ్మంలోకి ఒక బక్కపల్చటి మనిషి వచ్చి నిలబడ్డాడు. చంకలో హార్మోనియం, వెనక తాళాలు పట్టుకున్న పిల్లాడు. ముగింపు అయ్యేదాకా కదలకుండా చూసి దండం పెట్టాడు.

"రేపు పొద్దున్నే సత్తుపల్లి వెళ్ళిపోతున్నాం బాబూ. ఆఖరిరోజున సంభావన అడగడం మా పగటివేషాలవాళ్ళ ఆనవాయితీ."

"నేను మీ వేషం ఒక్కటీ చూడలేదే" అన్నాడు దర్శకుడు, పర్సు తీస్తూనే.

ఆ మనిషి హార్మోనియం కింద పెట్టాడు. నడుం వంచాడు. పైపంచె చెంగున లేని చిల్లర ముడేసి, పంటితో లాగి బిగించాడు.

ఎవరం నోరెత్తలేదు. దర్శకుడిచ్చిన ఐదువందల కాగితం కళ్ళకద్దుకుని, గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి ఆటో కుర్రాణ్ణి దగ్గరకు పిలిచాడు.

"రెండోరోజు చెప్పు కరిచిన మంటలో ఏ కాలు కుంటాలో మరిచిపోయాను నాయనా. ఊరంతట్లో నువ్వొక్కడివే పట్టావు. ఆ తప్పు మాత్రం ఆటలోంచి తీసేయండి, నా పరువు పోతుంది."