మా బావ తూకం

చోడవరంలో మా బావ ఎవరి మొహం చూసినా సరే, ఆ మనిషి మనసులో ఏముందో చెప్పేస్తాడు. చెప్పింది నిజమో కాదో ఆ మనిషినే అడిగి కనుక్కునే అలవాటు మాత్రం లేదు. అడిగితే వాళ్ళు అబద్ధం చెబుతారట.

కిందటి సంక్రాంతికి మాడుగుల మీదుగా వస్తూ హల్వా తీసుకొచ్చాను. దుకాణంలో ఒకటే రద్దీ, చేతికందింది పావుకిలో పెట్టె. బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి, ఒక్కమాటా అనకుండా అప్ప చేతికిచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక అప్ప నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏరా, మీ బావ మీద నీకేటి కోపం?" అంది. వాళ్ళ గృహప్రవేశంలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టినందుకు నాకు ఇంకా మంటగా ఉందట. ఆ మంట రాజేసింది నా భార్యట. ఆవిడకి నూరిపోసింది వాళ్ళమ్మట. ఇదంతా పెట్టె బరువును బట్టి బావ తేల్చాడు. పావుకిలో హల్వా దగ్గర బయల్దేరి మా అత్తగారి దాకా వెళ్ళిన ఆ దారి చూసి కోపం రావాల్సింది పోయి ముచ్చటేసింది. (మా అత్తగారి విషయంలో ఆయన ఊహ మరీ అంత తప్పేం కాదు. అది వేరే సంగతి.)

ఈ విద్య ఆయనకి ఊరికే అబ్బలేదు. ఉద్యోగమంతా గోవాడ షుగర్ ఫ్యాక్టరీలో కాటా దగ్గరే. చెరకు బండి లోపలికొస్తుంటే టైర్లు అణిగిన తీరు, ఎడ్ల మెడల మీద కాడి దిగిన తీరు చూసి, "టన్నున్నర మీద రెండు క్వింటాళ్ళు" అనేవాడు. కాటా కూడా ఇంచుమించు అదే చెప్పేది. పందెం కాసిన తోటి గుమస్తాలు టీలు పోయించి పోయించి అలిసిపోయారు. "నాకు కాటా ఎందుకోయ్? కన్నుంది కదా!" అనేవాడు బావ.

డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. మనసుకి తట్టిన మాటని నమ్మొచ్చా అంటే మొదటాయనకి అనుమానం ఉండేది, రెండో ఆయనకి నమ్మకం. ఏళ్ళ తరబడి వాదించుకుని చివరికి 2009లో ఇద్దరూ కలిసే ఒక వ్యాసం రాశారు. పని ఒక పద్ధతి ప్రకారం నడుస్తూ, మన ఊహ తప్పో ఒప్పో ఎప్పటికప్పుడు తెలిసిపోయే చోట అయితే అనుభవజ్ఞుడి మనసు చెప్పింది నమ్మొచ్చని అందులో తేల్చారు. బావకి గోవాడలో జరిగింది అదే. ఊహించిన కాసేపటికే జవాబు వచ్చేసేది. రిటైరై ఇంటికొచ్చేటప్పుడు ఆయన కన్ను వెంట తెచ్చుకున్నాడు గానీ, కాటా అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు బండ్లు లేవు, వాట్సాప్ ఉంది. అందులో నీలం టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. పెట్టినవాళ్ళకి మా బావ సంగతి తెలిసుంటే పెట్టేవారు కాదు. పొద్దున్నే ఆయన పంపిన వినాయకుడి ఫొటో మేనల్లుడు చూశాడు, దండం బొమ్మ పెట్టలేదు. "సూసేడు. ఏటీ అన్లేదు." ఇంతలో 'టైపింగ్' అని కనిపించి ఆగిపోయింది. ఇక ఆ పూట అన్నం సయించలేదు. "ఏదో రాసి సెరిపేసేడు. ఏటి రాసుంటాడు?" ఆ కుర్రాడు బెంగుళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడని సాయంత్రానికి తెలిసింది. తెలిసి బావ ఊరటపడ్డాడా? "అంత ట్రాఫిక్‌లో కూడా రాయబోయేడంటే ఎంత కోపం ఉండాలి!" అన్నాడు.

మా ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడు నడుము పైభాగం వరకే దర్శనమిస్తాడు. మిగతాది భూమిలో ఉంటుంది. బావ సిద్ధాంతానికి ఆధారం ఆ గుడే. దేవుడే సగం దాచుకుంటే మనుషులెంత దాచుకోవాలంటాడు. 2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖ జిల్లా నుంచి కొత్తగా పుట్టిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చినప్పుడు కూడా, "విశాఖోళ్ళకి మనమంటే మొదట్నించీ సిన్నసూపే" అని ఆ పూటంతా చిన్నబుచ్చుకున్నాడు.

ఒకసారి ఒకే చొక్కా రెండు పెళ్ళిళ్ళకి వేసుకెళ్ళానని బావ కుమిలిపోతుంటే, ఓదారుద్దామని అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం చెప్పాను. థామస్ గిలోవిచ్ బృందం కొందరు విద్యార్థులకి బ్యారీ మానిలో అనే గాయకుడి బొమ్మున్న టీషర్టు తొడిగి, తోటివాళ్ళున్న గదిలోకి పంపింది. అది వేసుకుని తిరగడం వాళ్ళకి సిగ్గుచేటు. గదిలో సగం మందైనా చూసుంటారని వాళ్ళనుకున్నారు. నిజానికి ఆ బొమ్మ ఎవరిదో గమనించింది పావువంతు మందే. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి కూడా. బావ ఆసాంతం శ్రద్ధగా విని, "మిగిలినోళ్ళు సూసేరోయ్. మొగమాటానికి సెప్పలేదు" అన్నాడు.

గమనించారా, ఆయన ఎవరి మనసులోకి దూరి చూసినా అక్కడ కనిపించేది బావే. రోడ్డు మీద పోయే కొత్తమనిషి ముఖం ఆయన చదవడు. తన గురించి ఎవరు తక్కువగా అనుకుంటే తట్టుకోలేడో వాళ్ళ ముఖాలే చదువుతాడు. ముందు భయం పుడుతుంది, దాని వెనకే ఆధారాలు వరసకట్టి వస్తాయి. భయం గొంతుకీ మనసు గొంతుకీ తేడా ఆయనకి తెలీదు. ఆ మాటకొస్తే, ఆయన కనుబొమ ఎటు లేచిందా అని రోజంతా కనిపెట్టుకుని ఉండే మా ఇంటిల్లిపాదికీ తెలీదు.

పైగా ఆయన్ని మానమనడానికి మాకు నోరు లేదు. ఓసారి మా అమ్మ పెరట్లోంచి మాట్లాడుతుంటే, "అత్తయ్య మాట ముద్దగా వస్తోంది, ఎడంచెయ్యి తేడాగా ఉంది" అన్నాడు బావ. మేమంతా ఎప్పటి గోలే అనుకుని నవ్వాం. ఆయన నవ్వకుండా కారు మాట్లాడి, ఆ గంటలోనే విశాఖ తీసుకెళ్ళాడు. పక్షవాతం. త్వరగా తెచ్చారు కాబట్టి సరిపోయిందన్నాడు డాక్టరు. అమ్మ ఇప్పుడు తన కాళ్ళ మీద తను తిరుగుతోంది. ఆనాటి నుంచి బావ చెప్పినవాటిలో తప్పిపోయినవెన్నో ఎవరూ లెక్కపెట్టడం లేదు. లెక్కపెట్టే ధైర్యం అమ్మ ముందు ఎవరికుంది?

మీరెప్పుడైనా చోడవరం వస్తే మా బావ ఇంటికి తప్పకుండా వెళ్ళండి. భోజనం పెట్టకుండా పంపడు. టీ గ్లాసులో మాత్రం గుక్కెడు కూడా మిగల్చకండి. మిగల్చాల్సివస్తే, నాలుక కాలిందని అక్కడికక్కడే పైకి చెప్పేసి రండి.