విదేశీ ద్రవ్య ప్రేషణ సందేశానికి టీకా తాత్పర్యం

మూలం: "ప్రియ ఖాతాదారులకు, మీ ఖాతాకు విదేశీ ద్రవ్య ప్రేషణ అందినది. ప్రయోజన సంకేతము సమర్పించిన పిమ్మట, వర్తించు రుసుములు మినహాయింపబడి, ఆ దినపు రేటు ప్రకారము శేషము జమ చేయబడును."

అవతారిక: బయటి దేశం నుంచి సొమ్ము వచ్చినప్పుడు బ్యాంకులు పంపే సందేశాలకు ఇది నమూనా. గద్యమైనా యతికి లోటు లేదు. సొమ్ము ఆగిన చోటల్లా యతి స్థానమే. హుస్నాబాద్, కోహెడ, అక్కన్నపేట పల్లెల నుంచి దుబాయికో సౌదీకో పోయినవాళ్ళ తల్లులు, భార్యలు దీనికి శ్రోతలు. ఎక్స్ఛేంజి కంపెనీలో కడితే పైసలు అక్కడే రూపాయలై వస్తాయి కనుక ఈ రచన పుట్టదు. బ్యాంకు నుంచి బ్యాంకుకు దిర్హమ్‌లో, రియాల్‌లో, డాలర్‌లో పంపినప్పుడే దీనికి ప్రాణం వస్తుంది.

"ప్రియ": స్పష్టం.

"మీ ఖాతాకు": ఇదీ స్పష్టమే అనిపిస్తుంది. కానీ 2016 అక్టోబరు 11న హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది. పాసుబుక్కులో ఒక జిల్లా, ఆధార్‌లో ఒక జిల్లా ఉన్న మనిషి కౌంటర్ ముందు తాను ఒక్కడినేనని నిరూపించుకోవలసి వస్తే అది అద్వైత సిద్ధాంతానికి పరీక్ష.

"అందినది": ఎక్కడికి అందింది? హుస్నాబాద్‌కు మాత్రం కాదు. 1973లో బెల్జియంలో పుట్టిన స్విఫ్ట్ సంస్థ కబురు మోస్తుందే కాని సొమ్ము మోయదు. సొమ్ము బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి పెట్టుకున్న ఖాతాల్లో అంకెగా మారుతుంది. చిన్న ఊళ్ళ శాఖలకు చాలావాటికి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. ఎనిమిది లేదా పదకొండు అక్షరాల ఆ కోడ్ ఏ పెద్ద శాఖదో అడిగి తెలుసుకోవాలి. చెక్కు మీద ఉండే ఐఎఫ్ఎస్‌సీ కూడా పదకొండు అక్షరాలదే కావడంతో దాన్నే దుబాయికి చదివి వినిపించేవాళ్ళున్నారు. దానికి దేశం లోపలే చెల్లుబాటు.

"విదేశీ ద్రవ్య": కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి మెదక్ సీమలోని కొలిచారం వాడు. ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఆ రెండో నియమాన్ని ఈ టీక కాసేపు పక్కన పెడుతుంది.

గల్ఫ్ డబ్బు ఎప్పుడూ విదేశీ ద్రవ్యమే కాదు. ఒకప్పుడు కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయిలలో చెలామణి అయింది భారత రూపాయే. ఆ నోట్లు అక్కడ బంగారం దొంగరవాణాకు పనికొచ్చి, తిరిగి రిజర్వు బ్యాంకుకు చేరి స్టెర్లింగ్ అడగడంతో 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగుల నోట్లు వేసింది. వాటి సంఖ్యల ముందు జెడ్ అక్షరం ఉండేది. కువైట్ 1961లో దీనారు తెచ్చుకుంది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక దుబాయి, ఖతార్ కూడా రూపాయిని వదిలేశాయి. దిర్హమ్ వచ్చింది 1973లో.

ఇటువైపు హుస్నాబాద్ సంగతి ఇంకా విచిత్రం. నిజాం కాలంలో ఇక్కడ నడిచింది హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని జనం కల్దారు అనేవాళ్ళు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. నూటికి 116 రూపాయల 10 అణాల 8 పైలు. అంటే బెజవాడ నుంచి వచ్చిన పైకానికి కూడా ఈ ఊళ్ళో మారకం లెక్క కట్టేవాళ్ళు. లెక్క నోటికి వచ్చేది, ఎవరూ ఫారం నింపమనలేదు.

"ప్రయోజన సంకేతము": పర్పస్ కోడ్ అని దీని అర్థం. ప్రవాస భారతీయులు కుటుంబ పోషణకు, పొదుపుకు పంపే సొమ్ముకు రిజర్వు బ్యాంకు జాబితాలో పీ1301. దేశంలోకి ఏ పని మీద ఎంత వస్తోందో లెక్క తేలాలి కనుక కోడ్ ఉండవలసిందే. తప్పు కోడ్‌ది కాదు. కొడుకు పంపిన పైసలు ఎందుకో తల్లి ఇంగ్లిషు ఫారంలో రాసేదాకా వాటిని పక్కన పెట్టడమే తప్పు. "నా కొడుకు నాకెందుకు పంపిండో నేను చెప్పాల్నా?" అనేది ఈ సందర్భంలో పూర్వపక్షం. సిద్ధాంతపక్షం ఇంతవరకు వినబడలేదు.

"వర్తించు రుసుములు": ఇందులో వాచ్యార్థం శూన్యం, ఉన్నదంతా ధ్వని. ధ్వనిని ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్నాడు. రుసుముకు ఆత్మను చేసిన ఘనత బ్యాంకులది. విప్పితే మూడు పొరలు. పంపే వాడు అవర్ అని రాస్తే ఖర్చంతా అతనిది, బెన్ అంటే అందుకునే వారిది, షా అంటే ఇద్దరూ పంచుకునేది. దారిలో తగిలే మధ్యవర్తి బ్యాంకు కోసుకునేది రెండో పొర. మూడోది కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ. లక్ష వరకు మార్చిన మొత్తంలో 1 శాతాన్ని, కనీసం 250 రూపాయలను, సేవ విలువగా పట్టి దాని మీద 18 శాతం వేస్తారు. 50,000కు 90 రూపాయలు, ఎంత తక్కువైనా 45. ఇవేవీ రహస్యాలు కావు. అయినా సందేశంలో ఒక్క అంకె ఉండదు.

"మినహాయింపబడి... చేయబడును": కర్మణి ప్రయోగం. కోత ఉంది, కోసినవాడు లేడు. సంస్కృతంలో ఇది వినయం, ఇక్కడ తప్పించుకోవడం.

"ఆ దినపు రేటు": ఏ దినం? సొమ్ము వచ్చిన రోజా, ఫారం ఇచ్చిన రోజా? మూలం మౌనం. టీవీలో చెప్పే రేటు ఇది కాదు. బ్యాంకు తానే ప్రకటించే టీటీ కొనుగోలు రేటు, దానికన్నా తక్కువే ఉంటుంది. దిర్హమ్ డాలరుకు 3.6725 దగ్గర 1997 నుంచి కదలలేదు, సౌదీ రియాల్ 3.75 దగ్గర 1986 నుంచి. కదిలేది రూపాయి. కాగితం కోసం సొమ్ము వారం ఆగితే ఆ వారపు కదలిక ఖాతాదారుదే. లాభమూ రావచ్చు, నిజమే. కానీ ఆ జూదం ఆడతామని ఆ ఇల్లాలు ఎవరికీ చెప్పలేదు.

"శేషము": మిగిలింది.

తాత్పర్యం: సొమ్ము వచ్చింది, ఎంతో, ఎప్పుడో, ఎంత పోయిందో చెప్పం.

విశేషం: పంపినవాళ్ళు తమ బ్యాంకు నుంచి స్విఫ్ట్ సందేశం నకలు తెప్పిస్తే, ఎంత పంపారో, దారిఖర్చు ఎవరి మీద వేశారో అందులో ఉంటుంది. రేటు, రుసుము, జీఎస్టీ విడివిడిగా రాసిమ్మని ఇక్కడి శాఖకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దాని వివరాలు చెప్పే ఫోన్ నంబరు 14448.