పడమటి నాలుకకు పొగడ్త

పశ్చిమ ప్రకాశం నాలుకను పొగడాలని నాకు చాలాకాలంగా ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, పొదిలి మనిషి ఏ ఊళ్లో దిగినా ముందు మంచినీళ్లు అడుగుతాడు. ఒక్క గుక్క తాగి, అవి బోరు నీళ్లో, చెరువు నీళ్లో, శుద్ధి ప్లాంటు నీళ్లో చెప్పేస్తాడు. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ విద్య రాదు, వాళ్లకు అవసరం పడలేదు. మాకు తరతరాలుగా సాధన చేయించారు. ఆ చేయించినవాళ్లకూ ఈ పొగడ్తలో వాటా ఉంది.

మార్కాపురంలో ఒక స్నేహితుడి ఇంట్లో రాత్రి భోజనానికి కలిశాం. సజ్జరొట్టెలు, నాటుకోడి పులుసు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన మావాడొకడు సెలవుల్లో వచ్చాడు. అక్కడి భోజనాల్లో వైన్లు పోల్చే వేడుక గురించి వాడు చెబుతుంటే అందరం విన్నాం. సిరా అని ఒక నల్లద్రాక్ష. ఫ్రాన్స్‌లో రోన్ నది పక్కన ఎర్మితాజ్ అనే గ్రానైట్ కొండ మీద పండితే దాని సారాయానికి ఒక రుచి. అదే నది పక్కన ఇంకొంచెం పైకి వెళితే కోత్-రోతీ, అక్కడి నేల పొరలు పొరలుగా చీలే రాయి, అక్కడ ఇంకో రుచి. 1830ల్లో ఆ కొమ్మలు ఓడెక్కి ఆస్ట్రేలియా చేరాయి, షిరాజ్ అని పేరు మార్చుకున్నాయి. బరోసా లోయ ఎండకు పండినది చిక్కగా ఉంటుంది. మన నాసిక్ తోటల్లోనూ అదే షిరాజ్. సీసాలకు గుడ్డ చుట్టి, వరసగా గ్లాసుల్లో పోసి, ఏది ఏ నేలదో రుచి చూసి చెప్పాలట. ద్రాక్ష ఒక్కటే, తేడా అంతా నేలలోనే ఉందని వాడి మాట.

"మనకు సారాయమెందుకు, నీళ్లతో చేద్దాం రా," అన్నాడు గిద్దలూరు ఆయన. చేశాం. మావాళ్లు ప్రయాణంలో సొంత నీళ్ల సీసా లేకుండా కదలరు కాబట్టి సరుకు చేతిలోనే ఉంది. గిద్దలూరు ఇంటి బోరువి, కనిగిరి దగ్గర పల్లె బోరువి, ఆ ఇంటి కుళాయిలో దూపాడు నుంచి వచ్చిన నాగార్జునసాగర్ నీళ్లు, వీధి చివర ప్లాంటులో నింపిన క్యానువి. స్టీలు గ్లాసులు వరసగా పెట్టారు.

అందరినీ ఓడించింది ఆ ఇంటి పెద్దావిడ. గుక్క నోట్లో పోసుకుని కాసేపు మింగకుండా ఉంచింది. ఆ తర్వాత రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది చూసింది. "ఇవి సాగర్‌వి, క్లోరిన్ వాసన కొడుతున్నాయి. ఇవి ప్లాంటువి, చప్పగా ఉన్నాయి, ప్రాణం లేదు. ఇదిగో, వీటికి కందిపప్పు ఉడకదు నాయనా, గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. ఇవి మాత్రం బాగున్నాయి, తియ్యగా జారుతున్నాయి. గుండ్లకమ్మ ఏటి చెలమ నీళ్లు ఇట్లాగే ఉండేవి." ఆస్ట్రేలియా వాడు చేతులెత్తి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. ఏ పుస్తకమూ చదవకుండా, ఏ పరికరమూ లేకుండా సున్నాన్నీ ఉప్పునూ సోడాగుణాన్నీ విడివిడిగా పట్టుకున్న నాలుక అది.

ఆవిడ మెచ్చుకున్న ఆ తియ్యటి గ్లాసు కనిగిరి బోరుది.

కనిగిరి ఆయన ఏమీ అనలేదు. చిన్నగా నవ్వాడు. పైవరస పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనిపించాయి. పళ్లు చిగురు కిందే తయారవుతున్న వయసులో, అంటే ఏడెనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లు రాసిపెట్టిన రాత అది. ఆ తర్వాత ఎన్ని మంచినీళ్లు తాగినా చెరగదు.

ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. పైగా నీళ్లలో సున్నం తక్కువై సోడాగుణం ఎక్కువైతే రాతిలోంచి ఫ్లోరైడ్ ఇంకా బాగా కరుగుతుంది. కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరైట్ ఖనిజం ఉంది. పప్పు ఉడకని గరుకు నీళ్లను తిట్టుకుంటాం, జారుగా తియ్యగా ఉన్న నీళ్లను ఇష్టంగా తాగుతాం, చాలాసార్లు ప్రమాదం ఆ రెండోవాటిలోనే ఎక్కువ. కాచి చల్లార్చినా పోదు. నీరు ఆవిరైన మేరకు మిగిలినదానిలో ఇంకాస్త చిక్కబడుతుంది. పళ్లతో మొదలై ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల్లో పేరుకుని, మెడ తిరగక, నడుం వంగక, మోకాళ్లు ముడుచుకుపోయి మనిషి మంచాన పడతాడు. ఇంత గొప్ప నాలుక ఆ ఒక్కదాన్ని పట్టలేదు. దాన్ని కనిపెట్టి చెప్పే పని నాలుకది కాదు. ఆ పని చేయడానికి జీతాలున్నాయి, శాఖలున్నాయి.

కనిపెట్టినవాళ్లను కూడా నిండు మనసుతో పొగుడుతాను. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు ఉందని షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషులను పరీక్షించి ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లావే. ఆ పరిశోధన అచ్చయింది 1937లో. పరాయి పాలనలో, ఎద్దుబండ్ల దారుల్లో తిరిగి తేల్చిన నిజం అది. 1970లో నెల్లూరు నుంచి ఈ తాలూకాలనూ, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరులనూ తీసి కొత్త జిల్లా కట్టేనాటికి ఆ కాగితం వయసు ముప్ఫైమూడేళ్లు. ఆ దశాబ్దంలోనే నాగపూర్ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని తయారుచేసి దానికి మన నల్గొండ పేరు పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని దేశమంతటికీ ప్రమాణం రాశారు. జబ్బు తెలుసు, కారణం తెలుసు, విరుగుడు తెలుసు. శాస్త్రం మాకు బాకీ లేదు.

కంభం చెరువును పొగడకుండా ఎవరు ఉండగలరు? రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో వేసిన కట్ట అది. సిమెంటు లేదు, యంత్రం లేదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. ఆ కట్ట మీద నిలబడి చూసిన ప్రతిసారీ, ఓట్ల అవసరం లేని రాజులు ఇంత పని చేయించారు కదా అనిపిస్తుంది.

ఇక వెలిగొండ ప్రాజెక్టు. నల్లమల కడుపులోంచి రెండు సొరంగాలు, ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్లు. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర మొదలై దోర్నాల వైపు వస్తాయి. కృష్ణ వరదలోంచి 43.5 టీఎంసీలు తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లు పూడ్చిన జలాశయంలో నింపాలి. పాత లెక్కన మూడు జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలి. వదులు రాయి కూలి, నీరు ఊరి, తొలిచే యంత్రాలు ఇరుక్కుపోయిన చోట కూడా లోపల నిలబడి పనిచేసిన కార్మికులకు నా తల వంచి నమస్కారం. కాలువ కోసం కొట్లాడిన పూల సుబ్బయ్య పేరు ప్రాజెక్టుకు పెట్టడం కూడా న్యాయమే.

మొదటి శంకుస్థాపన 1996లో. 2004లో మళ్లీ మొదలుపెట్టారు. ఒకటో సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. ఆ మార్చిలో ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఆ రోజు సొరంగంలో నీళ్లు పారలేదు. ముంపు ఊళ్లవాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం పూర్తి కాలేదు. మొదటి శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు, తన బిడ్డకు ఏ నీళ్లు పట్టాలో వెతుక్కునే వయసు. ఈ కాలంలో మూడు పార్టీలు ఏలాయి, రాష్ట్రం రెండైంది. మావాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఎండలో నిలబడి ఓటేశారు. ఇంతటి నమ్మకాన్ని పొగడాల్సిందే. దాన్ని అందుకున్నవాళ్లు ఏం చేశారో ఆ తేదీలే చెబుతాయి.

మా ఆడవాళ్ల ఓర్పును పొగడబోతే గొంతు పట్టేస్తుంది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియని ఎండాకాలంలో బిందెలు వరసలో పెట్టి, వంటపని, కూలిపని మధ్య ఆ వరసను కాపలా కాస్తారు. వాడకానికి బోరు నీళ్లు, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను, పప్పుకు మాత్రం కొంచెం క్యాను నీళ్లు వేరుగా తీసిపెట్టి, చేతిలో డబ్బులు లేని రోజు అన్నిటికీ బోరు నీళ్లే. ప్లాంటు వచ్చాక కొంత మేలు జరిగింది, కాదనను. కానీ ఆ మేలు కొనుక్కోగలిగినవాళ్లకే అందింది. కొనలేనివాళ్ల బిడ్డల పళ్ల మీద ఆ చారలు ఇప్పటికీ పడుతున్నాయి.

ఆస్ట్రేలియా స్నేహితుడు చెప్పినవాటిలో నాకు బాగా నచ్చినది సీసా మీది కాగితం. ఏ ప్రాంతంలో తయారైంది, మద్యం ఎంత శాతం, అందులో రాసి ఉంటాయి. తాగేవాడికి తెలియాల్సింది తాగకముందే చెప్పడం గొప్ప మర్యాద. సరదాకు తాగే సారాయానికి ఆ మర్యాద ఉంది. మా బోర్ల దగ్గరా ఫలకాలుంటాయి. ఏ నిధులతో వేశారు, ఎవరు ప్రారంభించారు, వేదిక మీద ఎవరెవరున్నారు, అన్నీ చక్కగా చెక్కి ఉంటాయి. ఫ్లోరైడ్ ఎంతో ఉండదు. జలజీవన్ పథకం కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని నియమం ఉంది, పరీక్షకు చేతిపెట్టెలు ఉన్నాయి, కొలవడం కష్టం కాదు. కొలిచిన అంకెను బోరు మీదే రాయండి. తేదీ వేయండి. 1.5 దాటితే ఎర్రరంగుతో రాసి, తాగే నీళ్లు ఆ ఊరికి ఎక్కడినుంచి ఎప్పుడు తెస్తారో దాని కిందే రాసి, బాధ్యుడైన అధికారి సంతకం పెట్టండి. రాయడానికి పాలరాయి అక్కర్లేదు. దేశమంతా పిల్లలకు అంకెలు నేర్పిన పలక మార్కాపురంలోనే దొరుకుతుంది.